ఊరి సొమ్ముతో కట్టే భవనానికి ఊరే కొలత పెట్టాలి



కరెంటు దండగ అన్న మాట వస్తే చాలు, మన రాష్ట్రంలో అందరి వేలూ రైతు మోటరు వైపే లేస్తుంది. డిస్కంలు నష్టాల్లో ఉన్నాయంటే మోటరు. ఖజానా మీద భారం అంటే మోటరు. ఎండాకాలం లైను ట్రిప్పయినా మోటరే. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైన నాటి నుంచి ఈ మాట ఇంకా పెరిగింది. అప్పనంగా వస్తోంది కాబట్టి రైతు ఆపకుండా వాడేస్తున్నాడని టీవీ చర్చల్లో కూర్చున్నవాళ్లు చెబుతూనే ఉన్నారు.

2023 డిసెంబరులో ప్రభుత్వం విద్యుత్ రంగం మీద శాసనసభలో శ్వేతపత్రం పెట్టింది. అందులో ఇంకో సంగతి కూడా ఉంది. ప్రభుత్వ శాఖలే డిస్కంలకు వేల కోట్ల రూపాయలు బాకీ పడి ఉన్నాయని అందులో రాశారు. ఎత్తిపోతల పథకాలది దాంట్లో పెద్ద వాటా. అది పోను ఆఫీసులు, స్థానిక సంస్థలు, మంచినీళ్ల పథకాలు. ఈ బాకీల మీద టీవీల్లో చర్చ పెట్టినవాళ్లు తక్కువ.

సర్కారు భవనం కరెంటు ఎందుకు ఎక్కువ తింటుంది? స్విచ్చి ఆపని అటెండరు వల్ల మాత్రమే అనుకుంటే పొరపాటు. అసలు సంగతి కట్టేటప్పుడే తేలిపోతుంది. పైకప్పు ఎలా వేశారు, కిటికీ ఎటు పెట్టారు, ఏ ఫ్యాను కొన్నారు అన్నవి ఎస్టిమేటు రాసే రోజే ఖాయమవుతాయి. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆ బిల్లు కట్టేది పంచాయతీ. అంటే ఊరు. మురికి కాలువ బాగు చేయడానికీ, బ్లీచింగు పౌడరు కొనడానికీ ఉండాల్సిన డబ్బే ఆ బిల్లుకు పోతుంది.

అందుకే మేము ఈ నెల ఒకే ఒక్క మాట మీ ముందు పెడుతున్నాం. ప్రజల డబ్బుతో కట్టే ప్రతి భవనానికీ, అది ఎంత చిన్నదైనా సరే, ఎండను ఎలా ఆపుతుందో, కరెంటు ఎంత వాడుతుందో ముందే రాసిన కొలత ఉండాలి. ఆ కొలత ఎస్టిమేటులో ఉంటేనే నిధులు కదలాలి. ఆ కొలత అడిగే హక్కు గ్రామసభది.

చట్టం ఉంది, ఊరి దాకా రాలేదు

ఇలాంటి కొలత దేశంలో అసలు లేదా అంటే ఉంది. 2001లో పార్లమెంటు ఇంధన పొదుపు చట్టం చేసింది. 2002లో ఇంధన సామర్థ్య సంస్థ ఏర్పడింది. ఫ్రిజ్‌ల మీదా, ఏసీల మీదా చుక్కల స్టిక్కరు అంటించేది ఆ సంస్థే. 2007లో భవనాలకు ఒక ఇంధన పొదుపు కోడ్ తెచ్చారు. 2017లో దాన్ని సవరించారు. గోడ గుండా, పైకప్పు గుండా ఎంత వేడి లోపలికి దిగవచ్చు, అద్దాలు ఎలాంటివి ఉండాలి, దీపాలకూ ఏసీలకూ ఎంత కరెంటు మించకూడదు అన్నవన్నీ అందులో ఉన్నాయి. 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని మన వాతావరణానికి తగ్గట్టు మార్చి జీవో ఇచ్చింది. రాష్ట్రం విడిపోయాక రెండు రాష్ట్రాలకూ అది సంక్రమించింది.

అయితే ఆ కోడ్ ఎవరికి? కనెక్టెడ్ లోడు 100 కిలోవాట్లు గానీ, కాంట్రాక్ట్ డిమాండ్ 120 కేవీఏ గానీ ఉన్న భవనాలకు. అంటే షాపింగ్ మాల్‌కు, పెద్ద హోటల్‌కు, ఐటీ కంపెనీకి, నగరంలోని పెద్ద ఆస్పత్రికి. మన పంచాయతీ కార్యాలయం సంగతి చూడండి. నాలుగు ఫ్యాన్లు, ఆరు లైట్లు, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు. అన్నీ ఒకేసారి వేసినా రెండు కిలోవాట్లు దాటదు. అలాంటి కార్యాలయాలు యాభై కలిపితే గానీ ఆ గీత దగ్గరికి పోవు. బడి, అంగన్‌వాడీ, ఆరోగ్య ఉపకేంద్రం, రైతు వేదిక, సహకార సంఘం గోదాం, మహిళా సంఘం భవనం, అన్నీ ఆ గీత కింద ఉండిపోయాయి. ఒక్కొక్కటి చూస్తే చిన్నవే. రాష్ట్రంలో 12 వేలకు పైగా గ్రామ పంచాయతీలున్నాయి. ఊరికి నాలుగైదు భవనాల చొప్పున లెక్కేసుకుంటే ఎన్ని వేల కప్పులో మీరే చూసుకోండి.

2022లో ఆ చట్టాన్ని పార్లమెంటు సవరించింది. రాష్ట్ర ప్రభుత్వం తలచుకుంటే ఆ 100 కిలోవాట్ల గీతను ఇంకా కిందికి దించుకోవచ్చని అందులో ఉంది. ప్రాంతపు వాతావరణాన్ని బట్టి కోడ్‌ను మార్చుకునే అధికారం రాష్ట్రానికి మొదటి నుంచీ ఉంది. కాబట్టి ఢిల్లీ ఒప్పుకోవాలి, కేంద్రం అనుమతివ్వాలి అన్న సాకు ఇక్కడ చెల్లదు. హైదరాబాద్‌లో సంతకం పెడితే అయ్యే పని ఇది.

రైతు వేదిక చెప్పే పాఠం

మన పేరు మీద కట్టిన భవనాన్నే తీసుకుందాం. 2020లో రాష్ట్రమంతటా 2,601 రైతు వేదికలు తలపెట్టారు. ఐదు వేల ఎకరాలకు ఒకటి చొప్పున క్లస్టర్లు చేశారు. ఒక్కో వేదికకు 22 లక్షల రూపాయలు. అందులో 12 లక్షలు వ్యవసాయ శాఖవి, 10 లక్షలు ఉపాధి హామీవి. మొత్తం కలిపితే 572 కోట్లు. 2020 అక్టోబరు 31న జనగామ జిల్లా కొడకండ్లలో మొదటి వేదిక తెరిచారు. రైతులు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడానికి భవనం కావాలన్న ఆలోచన మంచిదే. దాన్ని మేము తప్పుపట్టడం లేదు.

కానీ ఆదిలాబాద్ నుంచి అలంపూర్ దాకా నమూనా ఒక్కటే. స్థలం ఎక్కడ దొరికితే అక్కడ, రోడ్డు ఎటుంటే అటు ముఖం పెట్టి కట్టారు. సొంత ఇల్లు కట్టుకునే రైతు వాస్తు పంతులును పిలిచి దర్వాజ ఎటు, పొయ్యి ఎటు, బావి ఎటు అని నాలుగుసార్లు అడుగుతాడు. 22 లక్షల సర్కారు భవనానికి పడమటి ఎండ ఏ గోడను కొడుతుందో అడిగే కాలమ్ ఎస్టిమేటులో లేదు. పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకూ, పొట్టి గోడలు తూర్పు పడమరలకూ పెడితే సాయంత్రపు ఎండ తక్కువ తగులుతుంది. పశువుల కొట్టం వేసుకునే ప్రతి రైతుకూ తెలిసిన సంగతి ఇది. పైసా ఖర్చు లేని ఈ జాగ్రత్తను రాసి పెట్టే కాగితం మాత్రం ఏ శాఖ దగ్గరా లేదు.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పన్నెండు దాటాక స్లాబు కింద హాలులో కూర్చుంటే ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. స్లాబు పొద్దంతా ఎండ తాగి, సాయంత్రం నుంచి ఆ వేడిని కిందికి వదులుతుంది. ఫ్యాను తిప్పితే ఆ వేడిగాలే మొహానికి కొడుతుంది. జనం లేచి బయట వేపచెట్టు కిందికి పోతారు. భవనం ఖాళీ. ఫ్యాన్లు మాత్రం తిరుగుతూ ఉంటాయి.

2024 మార్చి నుంచి రైతు నేస్తం పేరుతో వేదికల్లో శాస్త్రవేత్తలతో వీడియోలో మాట్లాడించే కార్యక్రమం నడుస్తోంది. తెర, కంప్యూటరు, ఇంటర్నెట్ వచ్చాయి. మంచిదే. కరెంటు వాడకం కూడా పెరిగింది. నిర్వహణ డబ్బులు సమయానికి అందక విస్తరణాధికారులు చేతి డబ్బులు పెట్టుకుంటున్నామని మొరపెట్టుకున్న వార్తలు చాలాచోట్ల చూశాం. కట్టడానికి కోట్లు దొరుకుతాయి, నడపడానికి వేలు దొరకవు. నడిపే ఖర్చు ఎంతవుతుందో కట్టేముందు లెక్కగట్టే పద్ధతి లేకపోతే ఇలాగే ఉంటుంది.

కప్పు వేడి విత్తనానికీ తగులుతుంది

ఇదంతా ఆఫీసులో కూర్చునేవాళ్ల సుఖం కోసం అనుకునేవాళ్లు ఉండొచ్చు. గోదాం దగ్గరికి రండి. సహకార సంఘాల గోదాములకూ, మార్కెట్ యార్డు షెడ్లకూ చాలావరకు రేకుల కప్పే. అందులోనే మన విత్తనం ఉంటుంది. ఎరువు ఉంటుంది. ఒక్కోసారి వారాల తరబడి ధాన్యం ఉంటుంది.

విత్తన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. నిల్వ ఉంచిన చోట వేడి 5 డిగ్రీలు తగ్గితే విత్తనం ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. గింజలో తేమ ఒక శాతం తగ్గినా అంతే. దీన్ని తిప్పి చదవండి. కప్పు కింద 5 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. సోయాబీన్ పండించే ఆదిలాబాద్, నిజామాబాద్ రైతులకు దీని బాధ బాగా తెలుసు. సోయా గింజ పైపొర పలుచన. వేడికీ తేమకూ మొలక శక్తి తొందరగా పోతుంది. ధ్రువీకరించిన సోయా విత్తనానికి కనీసం 70 శాతం మొలక ఉండాలని నిబంధన. ఆ పరీక్ష బస్తా కట్టేటప్పటిది. ఆ తర్వాత ఎండాకాలమంతా రేకు కింద మగ్గి జూన్‌లో మన చేతికి వచ్చేసరికి ఎంత మిగిలిందో చేను చెబుతుంది. చేనులో సాళ్ల మధ్య ఖాళీలు కనిపిస్తే విత్తనం నకిలీదని కంపెనీని తిడతాం, దుకాణదారును తిడతాం. చాలాసార్లు ఆ తిట్టు న్యాయమే. కానీ కొన్నిసార్లు దోషి నెత్తి మీది రేకు కూడా కావచ్చు. దాన్ని ఎవరూ పంచనామా చేయరు.

మళ్లీ విత్తడానికి విత్తనం ఖర్చు, దున్నకం ఖర్చు, పోయిన పదును. ఇవన్నీ కలిపి చూస్తే గోదాం కప్పు మీద తెల్ల పూత వేసే ఖర్చు ఒక లెక్కా? పశువైద్యశాలలో టీకాలు ఉంచే ఫ్రిజ్ సంగతీ ఇంతే. గది కాలిపోతుంటే ఫ్రిజ్ ఆగకుండా నడుస్తుంది, కరెంటు ఎక్కువ తింటుంది, సరఫరా పోయినప్పుడు తొందరగా వేడెక్కుతుంది. గొర్రెలకు వేసిన టీకా పని చేయలేదంటే కారణం ఆ గది కూడా కావచ్చు.

చిన్న భవనానికీ వర్తించే రూలు ఒకటుంది

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది. 2023 నుంచి 2028 దాకా ఐదేళ్లకు. ఎండను వెనక్కి కొట్టే తెల్ల పూత, పలకలు లేదా షీట్లు కప్పు మీద వేయించడం దీని ఉద్దేశం. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పు ఇలా మార్చాలని లక్ష్యం పెట్టుకున్నారు. అందులో 200 హైదరాబాద్‌లో, 100 మిగతా రాష్ట్రంలో. ప్రభుత్వ భవనాలకు స్థలం ఎంత, కట్టుబడి ఎంత అన్నదానితో పనిలేకుండా ఇది తప్పనిసరి అన్నారు. సర్కారు కట్టించే పేదల ఇళ్లకూ తప్పనిసరి అన్నారు.

ఇది గుర్తుంచుకోవలసిన మాట. 100 కిలోవాట్ల గీత ఇక్కడ లేదు. రెండు గదుల అంగన్‌వాడీకీ ఈ రూలు వర్తిస్తుంది.

ఇది గాలిలోంచి పుట్టిన విధానం కూడా కాదు. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 25 పేదల ఇళ్ల కప్పుల మీద తెల్లని షీటు పరిచి చూశారు. పక్కనున్న మామూలు ఇళ్ల కంటే లోపల సగటున 2 డిగ్రీలు తక్కువ వేడి కనిపించింది. రెండు డిగ్రీలేనా అనకండి. రేకుల కింద పడుకునే పసిపిల్లల తల్లిని అడిగితే ఆ రెండు డిగ్రీల విలువ చెబుతుంది.

ఇప్పుడు ఇందిరమ్మ ఇళ్లు కడుతున్నారు. ఇంటికి 5 లక్షలు. పునాదికి లక్ష, గోడలకు లక్షా 25 వేలు, స్లాబుకు లక్షా 75 వేలు, పూర్తయ్యాక లక్ష. ప్రతి దశలో అధికారి వచ్చి ఫొటో తీసుకుంటాడు. 600 చదరపు అడుగులు దాటితే బిల్లు ఆపుతారు. మరి కప్పు సంగతి ఎవరైనా అడిగారా? మీ ఊళ్లో ఇల్లు కట్టుకుంటున్నవాళ్లను పలకరించి చూడండి. మాకు ఎదురైన వాళ్లలో ఎవరికీ ఆ మాట చెవిన పడలేదు. ఇల్లు ఒక్క అడుగు పెరిగితే పట్టుకునే కంటికి, కప్పు ఎండకు కాలిపోవడం కనబడదా? ఆ తెల్ల పూత ఖర్చు పేదవాడి నెత్తిన రుద్దకుండా సర్కారే భరించి వేయించాలన్నది మా డిమాండు.

లెక్క చూసి మాట్లాడుకుందాం

కొలత పెట్టాలంటే లెక్క తెలియాలి. మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది. కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను అదే గాలికి 30 వాట్లు. తేడా 45 వాట్లు. కరెంటు యూనిట్ 7 రూపాయల చొప్పున వేసుకుందాం. ఫ్యాను ధరలో తేడా ఇప్పుడు సుమారు 1,300 రూపాయలు అనుకుందాం.

పంచాయతీ కార్యాలయంలో ఫ్యాను రోజుకు 10 గంటలు, ఏడాదిలో 300 రోజులు తిరిగితే 3,000 గంటలు. మిగిలేది 135 యూనిట్లు, 945 రూపాయలు. ఏడాదిన్నర లోపే ఎక్కువ పెట్టిన ధర తిరిగి వస్తుంది. అదే రైతు వేదికలో ఫ్యాను ఏడాదికి 1,200 గంటలే తిరిగితే మిగిలేది 54 యూనిట్లు, 378 రూపాయలు. అక్కడ మూడున్నరేళ్లు పడుతుంది. కాబట్టి డబ్బు తక్కువున్నప్పుడు ముందు కార్యాలయం, బడి, ఆరోగ్య ఉపకేంద్రం. ఆ తర్వాతే వేదిక. ఏది ముందు ఏది వెనక అన్నది ఇలా లెక్కతో తేల్చుకోవాలి. కాంట్రాక్టరు దగ్గర ఏ సరుకు ఉందో అది బిగించి పోవడం కుదరదు.

వీధిదీపాలు భవనం కాకపోయినా అదే పద్దులో బిల్లు కడతాం కాబట్టి ఒక మాట. 20 వాట్ల దీపాలు వంద ఉన్న ఊళ్లో పగలు 12 గంటలు అనవసరంగా వెలిగితే రోజుకు 24 యూనిట్లు, ఏడాదికి 8,760 యూనిట్లు. పైన వేసుకున్న ధరనే పెడితే 61 వేల రూపాయలు. 2019లో 30 రోజుల ప్రణాళికలో పవర్ వీక్ పెట్టి వీధిదీపాలకు మూడో తీగ లాగించే పని చేశారు. ఇంకా పగటి పూట దీపాలు వెలుగుతున్న వాడలు ఉంటే అక్కడ తీగ లేదో, స్విచ్చి లేదో చూడాలి. 61 వేలంటే బడికి తెల్ల పూతకు ముందుగా దొరికే డబ్బు అదే.

ఇప్పుడు సర్కారు భవనాల మీద సోలార్ పలకలు పెట్టే మాట గట్టిగా వినబడుతోంది. వద్దని మేము అనం. తమిళనాడులో ఓడంతురై పంచాయతీ 2006లోనే సొంతంగా గాలిమర కొని కరెంటు అమ్ముకుంది. కోయంబత్తూరు జిల్లాలో చిన్న పంచాయతీ అది. ఊరు తలచుకుంటే కరెంటు పుట్టించగలదు. కానీ ముందు భవనం తిండి తగ్గించాలి. చిల్లు కుండకు పెద్ద బొక్కెనతో నీళ్లు పోస్తే కుండ నిండదు. కప్పు చల్లబడి, ఫ్యాన్లు మారితే సగం పలకలతో సరిపోతుంది.

మాకు వినబడుతున్న అభ్యంతరాలు

మొదటిది డబ్బు. చేసిన పనులకే బిల్లులు రాక మాజీ సర్పంచులు అప్పుల పాలయ్యారు, ఈ కొత్త కొలతలు ఎందుకు అంటున్నారు. వాళ్ల బాధ నిజం. ఆ బిల్లులు వెంటనే ఇవ్వాలని సంఘం అడుగుతూనే ఉంది. కానీ గోడ దిశకు డబ్బు అక్కర్లేదు. కిటికీ మీద సజ్జ ఒక అడుగు పెంచితే అయ్యేది స్వల్పం. గాలి ఎదురెదురుగా ఆడేలా రెండు వైపులా కిటికీలు పెట్టడానికి ఎస్టిమేటు మారాల్సిన పని లేదు. సున్నం పూత వానకు కడుక్కుపోతుంది, ఏటా ఎండాకాలానికి ముందు మళ్లీ వేయాలి. నిజమే. మన ఇంటి ముందు అలుకు ఏటా వేసుకోవడం లేదా? మంచి రకం పూత అయితే మరికొంత కాలం ఆగుతుంది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి తీస్తున్నాం. ఆ మొక్కల్లో నాలుగు బడికీ, ఉపకేంద్రానికీ పడమటి వైపు పెడితే ఐదేళ్లలో గోడకు నీడ వస్తుంది. దానికి కొత్త పద్దు అక్కర్లేదు.

రెండోది మన సభ్యులే అడుగుతున్న ప్రశ్న. కరెంటు ఆదా అని మనమే అంటే రేపు మోటర్లకు మీటర్లు పెట్టమని మన నోటితోనే చెప్పినట్టు కాదా? ఇది అడగాల్సిన ప్రశ్నే. విద్యుత్ సవరణ బిల్లును వెనక్కి తీసుకోవాలన్నది 2020-21లో ఢిల్లీ సరిహద్దుల్లో సాగిన రైతాంగ పోరాటపు డిమాండ్లలో ఒకటి. ఆ డిమాండు మీద మేము ఇప్పటికీ నిలబడి ఉన్నాం. మోటరుకు మీటరు అంటే ఒప్పుకోం. సేద్యం కరెంటు తిండి గింజలు పండించడానికి. సర్కారు భవనం కరెంటు వేరు. అది ప్రజల డబ్బుతో కట్టి, ప్రజల డబ్బుతో నడిపేది. దాని లెక్క ప్రజలకు చెప్పాలి. సర్కారు తన ఇంట్లో దండగ ఆపకుండా రైతు బావి దగ్గరికి మీటరు పట్టుకుని వస్తే, ముందు నీ కప్పు చూసుకో అనడానికి మనకు ఈ లెక్కే ఆయుధం.

మూడోది మా భయం. కొలత పేరుతో సర్టిఫికెట్ల వ్యాపారం మొదలుకావచ్చు. ఫలానా కన్సల్టెంటు సంతకం ఉంటేనే బిల్లు, ఫలానా కంపెనీ పెయింటు వేస్తేనే పాస్ అని రేపు మెలిక పెట్టొచ్చు. అలా జరిగితే చిన్న మేస్త్రీ పోయి పెద్ద కాంట్రాక్టరు వస్తాడు. అందుకే కొలత ఒక్క పేజీలో ఉండాలి. తెలుగులో ఉండాలి. మేస్త్రీకి, వార్డు మెంబరుకు చదివితే అర్థం కావాలి. కంపెనీ పేరు ఉండకూడదు. గుణం మాత్రమే ఉండాలి.

గ్రామసభలో పెట్టాల్సిన తీర్మానం

దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన నడిచాక 2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగి కొత్త పాలకవర్గాలు వచ్చాయి. రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలని చట్టం చెబుతోంది. గ్రామసభలో తీర్మానం పెట్టించడానికి సంఘం గ్రామ కమిటీలు ముందుకు రావాలి. తీర్మానంలో ఉండాల్సిన అంశాలు ఇవి:

1. పంచాయతీ పరిధిలో ఏ నిధులతో కట్టే ప్రభుత్వ భవనానికైనా ఎస్టిమేటుతో పాటు ఒక పేజీ ఎండ, కరెంటు కొలత జత చేయాలి. దాన్ని గ్రామసభలో చదివి వినిపించాకే పని మొదలుకావాలి.

2. కొత్త భవనం పొడుగు గోడలు వీలైనంత వరకు ఉత్తర దక్షిణాలకు ఉండాలి. కిటికీలకు సజ్జ, ఎదురెదురుగా గాలి దారి తప్పనిసరి.

3. 2023 చల్లని పైకప్పుల విధానం ప్రకారం ఇప్పటికే ఉన్న బడి, అంగన్‌వాడీ, ఉపకేంద్రం, కార్యాలయం, గోదాం కప్పులకు వచ్చే ఎండాకాలం లోపు తెల్ల పూత వేయాలి. ఇందిరమ్మ ఇళ్లకు ఆ ఖర్చు ప్రభుత్వమే ఇవ్వాలి.

4. పంచాయతీ కొనే ఫ్యాన్లు, దీపాలు, మంచినీళ్ల మోటర్లు తక్కువ కరెంటు తీసుకునే రకమే కావాలి. ఎన్ని వాట్లో బిల్లు మీద రాయించాలి.

5. పంచాయతీ పేరు మీద ఉన్న ప్రతి సర్వీసుకు నెల బిల్లు, యూనిట్లు కార్యాలయం గోడ మీద రాసిపెట్టాలి.

6. ఇంధన పొదుపు కోడ్ గీతను కిందికి దించి, ప్రభుత్వ నిధులతో కట్టే భవనాలన్నిటికీ వర్తింపజేయాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరాలి.

సహకార సంఘాల మహాజన సభల్లో గోదాం కప్పు గురించి ఇదే మాదిరి తీర్మానం పెట్టండి. విత్తనం బస్తాలు దించే గదిలో గోడకు ఒక థర్మామీటరు వేలాడదీయమని అడగండి. రెండు మూడు వందల రూపాయల వస్తువు. ఏప్రిల్‌లో, మేలో మధ్యాహ్నం రెండింటికి అది ఎంత చూపిందో రాసుకుంటే జూన్‌లో మొలక రానప్పుడు మన చేతిలో రుజువు ఉంటుంది.

అధికారులు మొదట నవ్వొచ్చు. పంచాయతీకి ఇంధన కొలతలేమిటని అనొచ్చు. ఉపాధి హామీలో సామాజిక తనిఖీ వచ్చినప్పుడూ ఇలాగే నవ్వారు. కూలీల ముందు మస్టర్లు చదివించడం మొదలయ్యాక చాలా నోళ్లు మూతబడ్డాయి. కరెంటు బిల్లు కూడా జనం ముందు చదివే రోజు రావాలి.

తీర్మానం పెట్టిన ఊళ్లు దాని నకలు సంఘం మండల కార్యాలయానికి పంపండి. ఎన్ని పంచాయతీలు చేశాయో లెక్క కట్టి, ఆ కాగితాలన్నీ కట్టగట్టి ఇంధన శాఖకూ, పంచాయతీరాజ్ శాఖకూ ఇస్తాం. ఎండలు ముదరకముందే ఈ పని కావాలి. మార్చి దాటితే కప్పు మీదికి ఎక్కి పూత వేసే మనిషి కూడా దొరకడు.